ముందు ఊ కొట్టేవారికి చెప్పండి, తర్వాతే పోస్టు చేయండి: నిత్యజీవితంలో, సోషల్ మీడియాలో కథ చెప్పేవారికి సమగ్ర మార్గదర్శి

బెంగళూరులో స్థిరపడిన తెలుగువారు పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా కథలు చెబుతూనే ఉంటారు. సిల్క్ బోర్డు జంక్షన్‌లో బస్సు ఎలా ఇరుక్కుపోయిందో ఆఫీసులో చెబుతారు, ఇల్లు ఖాళీ చేశాక ఓనరు అడ్వాన్సు తిరిగి ఇవ్వడానికి ఎన్ని సాకులు వెతికాడో స్నేహితులకు చెబుతారు, రాత్రి భోజనాలయ్యాక ఊళ్లో ఉన్న అమ్మకు ఫోన్ చేసి పిల్లవాడు బడిలో ఏం చేసి వచ్చాడో చెబుతారు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో, ఏ మాట దగ్గర గొంతు తగ్గించాలో వీరికి ఎవరూ నేర్పనక్కరలేదు. అదే మనిషి సోషల్ మీడియాలో పోస్టు రాయడానికి కూర్చుంటే భాష బిగుసుకుపోతుంది, "మరపురాని అనుభూతి", "మధుర క్షణాలు" వంటి మాటలు వచ్చి చేరతాయి, అసలు జరిగిన సంగతి వెనక్కి వెళ్లిపోతుంది.

దీనికి కారణం ఎదుట వినేవారు లేకపోవడమే. మన ఇళ్లలో కథ చెప్పేవారికి ఊ కొట్టేవారు ఎప్పుడూ ఉండేవారు. పిల్లవాడు ఊ కొట్టడం ఆపితే నిద్ర వచ్చిందో, విసుగు పుట్టిందో అమ్మమ్మకు వెంటనే తెలిసేది, దాన్నిబట్టి కథను తుంచేది లేదా మలుపు తిప్పేది. ఫోన్ తెర ఊ కొట్టదు. లైకులూ వ్యాఖ్యలూ కథ ముగిశాక వస్తాయి కాబట్టి చెబుతున్న సమయంలో అవి దారి చూపలేవు. అందుచేత ఈ మార్గదర్శి మొత్తం ఒకే నమ్మకం మీద నిలబడి ఉంది: ఊ కొట్టే మనిషికి నోటితో ఒకసారి చెప్పి చూడని కథను సోషల్ మీడియాలో పెట్టకూడదు.

కథ చెప్పడం తీరిక ఉన్నవారి వ్యవహారమని అనుకునేవారికి ఒక పాత ప్రయోగం గురించి చెప్పాలి. 1944లో ఫ్రిట్జ్ హైడర్, మరియన్ సిమ్మెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు రెండు త్రిభుజాలు, ఒక చిన్న వృత్తం తెర మీద కదిలే చిన్న చలనచిత్రాన్ని 34 మందికి చూపించి, ఏం చూశారో రాయమన్నారు. ఒక్కరు తప్ప అందరూ దాన్ని ప్రాణమున్నవాటి కథగా రాశారు: పెద్ద త్రిభుజం దౌర్జన్యం చేస్తున్నదని, మిగిలిన రెండూ దాని నుంచి తప్పించుకున్నాయని వర్ణించారు. మనిషి మనసు గీతల్లో కూడా కథ వెతుకుతుంది. కాబట్టి వివరం లేని ఫోటో ఒకటి మీరు పెట్టినప్పుడు చూసేవారు ఊరుకోరు, తమకు తోచిన కథను దానికి తగిలిస్తారు. మీ కథను మీరే చెప్పుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

మొదటి అడుగు: ఎవరికి చెబుతున్నారో తేల్చుకోండి

మీ ఖాతాలో కడపలోని బంధువులు, ఆఫీసులోని కన్నడ సహోద్యోగులు, ఇంటర్మీడియట్ మిత్రులు, బహుశా మీ ఇంటి ఓనరు కూడా ఉంటారు. వీరందరికీ ఒకేసారి చెప్పబోతే ఎవరికీ తగలని మాటలు వస్తాయి. ఒక్క మనిషిని మనసులో పెట్టుకోండి, ఆ మనిషికి ఏం తెలుసో, ఏం తెలియదో ఆలోచించుకోండి. వినేది మీ పెద్దమ్మ అయితే మారతహళ్లి వంతెన ఎక్కడుందో చెప్పాలి, కానీ అట్లతద్ది అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. వినేది ఆఫీసు మిత్రుడైతే ఈ లెక్క తారుమారవుతుంది. ఎంత వివరణ ఇవ్వాలన్న చిక్కు ఇలా సగం తీరిపోతుంది.

రెండో అడుగు: కథలను పోగు చేయండి

కథ రాయడానికి కూర్చున్నప్పుడు వెతుక్కుంటే దొరకదు. జరిగిన రోజునే ఫోన్‌లోని నోట్స్‌లో ఒక వాక్యం రాసి పెట్టుకోవాలి. అందులో మీ భావం కంటే ఎదుటివారు అన్న మాట, చేతిలో ఉన్న వస్తువు, జరిగిన చోటు ఉండాలి. "ఈరోజు చాలా బాధేసింది" అని రాసుకుంటే నెల తర్వాత అది మీకే అర్థం కాదు. "మెజెస్టిక్‌లో బస్సు దిగిన ముసలాయన చీటీ మీద రాసిన అడ్రసు చూపించాడు, అందులో ఇంటి నంబరు ఉంది, వీధి పేరు లేదు" అని రాసుకుంటే సంవత్సరం తర్వాత కూడా అక్కడి నుంచి కథ లేస్తుంది.

వింతగా అనిపించిన వివరాన్ని తప్పకుండా రాసుకోండి, ఎందుకంటే ముందుగా చెరిగిపోయేది అదే. బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి కేంబ్రిడ్జిలోని వారికి ఇచ్చి, కొంత కొంత వ్యవధి తర్వాత మళ్లీ మళ్లీ రాయించాడు. 1932లో ఆయన ప్రకటించిన ఫలితాల ప్రకారం ప్రతిసారీ కథ కుదించుకుపోయింది, పరిచయం లేని వివరాలు జారిపోయాయి, తెడ్డు పడవ మామూలు పడవగా మారిపోయింది. జ్ఞాపకం కథను మనకు అలవాటైన మూసలోకి నెడుతుంది. మీ కథను ఇతరుల కథల నుంచి వేరు చేసేది ఆ మూసకు లొంగని వివరమే గనుక దాన్ని అదే రోజు కాపాడుకోవాలి.

ఇక పెద్దల కథల సంగతి. మనవడినో మనవరాలినో చూసుకోవడానికి గుంటూరు నుంచి, కర్నూలు నుంచి, కరీంనగర్ నుంచి వచ్చిన తల్లిదండ్రులు బెంగళూరు అపార్ట్‌మెంట్లలో వేల సంఖ్యలో ఉన్నారు. పగలంతా కొడుకూ కోడలూ ఆఫీసు పనిలో ఉంటారు, సాయంత్రం కింద బెంచీ మీద తమ భాష మాట్లాడే మరొకరు దొరికితే వారికి అదే పెద్ద ఊరట. వీరి దగ్గర ఉన్న కథలను అడిగి తీసుకోకపోతే మన తరంతో తెగిపోతాయి. ఈ పని వాయిదా వేయవద్దని నేను గట్టిగా చెబుతున్నాను.

అడగడంలో ఒక పద్ధతి ఉంది. "మీ జీవితం గురించి చెప్పండి" అని అడిగితే "ఏముంది నాయనా, అందరిలాగే బతికాం" అన్న జవాబు వస్తుంది. అంత పెద్ద ప్రశ్నకు జవాబు ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరికీ తెలియదు. అందుకే వస్తువును పట్టుకుని అడగాలి. "ఆ ఇత్తడి బిందె ఎవరిచ్చారు అమ్మమ్మా?", "కాపురానికి వచ్చిన రోజు ముందుగా ఏ గదిలోకి తీసుకెళ్లారు?", "నాన్నగారి ఉద్యోగం పోయిన నెలలో ఇంట్లో ఏం వండేవారు?" వంటి ప్రశ్నలకు జవాబు చెప్పబోతే ఒక గది, ఒక వాసన, ఒక తగాదా గుర్తుకొస్తాయి. జవాబు ఆగినప్పుడు వెంటనే రెండో ప్రశ్న వేయకండి. కాసేపు ఊరుకోండి. పెద్దలు అసలు విషయం ఆ మౌనం తర్వాతే చెబుతారు.

రికార్డు చేస్తున్నట్టు ముందే చెప్పి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచితే మధ్యలో కాల్ వచ్చి రికార్డింగ్ ఆగిపోదు. ఫ్యాను నేరుగా తగలని చోట, మడత పెట్టిన తువ్వాలు మీద ఫోన్ పెట్టి, చెప్పేవారికి ఒక మూర దూరంలో ఉంచండి. వంటింట్లో కుక్కరు, మిక్సీ నడవని వేళ చూసుకోండి. మొదట్లోనే తేదీ, ఊరు, చెబుతున్నవారి పేరు మీ గొంతుతో చెప్పి రికార్డు చేస్తే తర్వాత వెతుక్కోవడం సులువవుతుంది.

మూడో అడుగు: ఏం మారిందో కనిపెట్టండి

పోగుచేసిన ప్రతిదీ కథ కాదు. నంది హిల్స్ వెళ్లాం, మంచు చూశాం, టీ తాగాం, తిరిగి వచ్చాం అన్నది విహార వివరం మాత్రమే. కథ కావాలంటే మొదట్లో ఉన్నది చివరికి ఏదో ఒకటి మారాలి: ఒక అభిప్రాయం, ఒక బంధం, కనీసం ఒక అలవాటు. మారినదేమిటో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే కథ మీ చేతికి వచ్చినట్టే. చెప్పలేకపోతే ఫోటోలు మాత్రమే పెట్టండి, అందులో తప్పేమీ లేదు.

నాలుగో అడుగు: ఊ కొట్టే మనిషికి చెప్పండి

ఇది ఈ మార్గదర్శికి గుండెకాయ. రాయడానికి ముందు కథను ఒక మనిషికి నోటితో చెప్పండి. బయటి ఊరి నుంచి ఫోన్‌లో మాట్లాడే చెల్లెలు కావచ్చు, ఆఫీసు క్యాబులో పక్కన కూర్చునే మిత్రుడు కావచ్చు. చెబుతున్నంతసేపూ వారి ఊ మీద చెవి పెట్టండి. ఊ అలవాటుగా, ఆలస్యంగా వస్తున్నదంటే మీరు అనవసరమైన వివరం చెబుతున్నారు. "అదేంటి, మళ్లీ చెప్పు" అన్నారంటే అక్కడ ఒక మెట్టు దాటవేశారు. "అప్పుడేమైంది?" అని వారే అడిగిన చోట మీ కథకు బలం ఉంది. వీలైతే కథ ఆ చోటునుంచే మొదలుకావాలి.

మన బుర్రకథ ఈ పనిని ఒక కళగా మలిచింది. మధ్యలో తంబుర పట్టుకున్న కథకుడు కథ నడుపుతుంటే, ఇరువైపులా గుమ్మెటలు వాయించే ఇద్దరు వంతలు "తందాన తాన" అంటూ అందుకుంటారు. వారిలో ఒకరు హాస్యం చెబుతారు, మరొకరు నేటి రాజకీయాన్ని కథలోకి తెస్తారు. వంత వేసే ప్రశ్న నిజానికి ప్రేక్షకుడి ప్రశ్న. కథకుడు ఎక్కడ అతిగా పోతున్నాడో, ఎక్కడ విషయం అర్థం కాకుండా పోతున్నదో పట్టుకుని, కథ తెగకుండానే సరిదిద్దేవారు ఆ ఇద్దరు. షేక్ నాజర్ వంటి మహాకళాకారుడు కూడా ఈ ఇద్దరు లేకుండా కథ నడపలేదు. సోషల్ మీడియాలో ఒంటరిగా రాసుకునే మనం వంతను ముందే వెతుక్కోవాలి.

చెప్పిన వెంటనే, అదే గంటలో, మీరు వాడిన మాటలతోనే కథను వాయిస్ టైపింగ్ ద్వారా రాసి పెట్టుకోండి. తెలుగు వాయిస్ టైపింగ్ ఫోన్ కీబోర్డులో ఉంది. అచ్చు తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు. నోటి నుంచి వచ్చిన వరుస మాత్రం పోకూడదు.

ఐదో అడుగు: రాయండి, తర్వాత తీసివేయండి

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. అనంతపురం నుంచి వచ్చి బీటీఎం లేఅవుట్‌లో చిన్న టిఫిన్ సెంటరు నడుపుతున్న ఒక తల్లి ఉన్నదనుకోండి. ఆమె కొడుకు ఇన్‌స్టాగ్రామ్‌లో ఇలా రాశాడు:

"మా వద్ద రుచికరమైన రాయలసీమ వంటకాలు లభించును. నాణ్యత, శుభ్రత మా ప్రత్యేకత. మీ ఆదరణే మాకు బలం. ఒక్కసారి విచ్చేయండి."

ఇందులో అబద్ధం లేదు, కానీ ఇదే పోస్టును ఏ హోటలుకైనా అతికించవచ్చు. అదే కుర్రవాడు తన మిత్రుడికి నోటితో చెప్పినప్పుడు వచ్చిన మాటలు వేరు. వాటిని రాసి, కాస్త కత్తిరిస్తే ఇలా వస్తుంది:

"అమ్మ కారం దోసె మొదలుపెట్టిన కొత్తలో చాలామంది సగం తిని వదిలేసేవారు. ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు కలిపి రోట్లో నూరిన ఎర్రకారం అది. తగ్గించమ్మా అని నేను గొడవపడ్డాను. తగ్గించలేదు. పెనం పక్కన వెన్న గిన్నె పెట్టింది, ఎదురింటి ఆవిడ దగ్గరికి వెళ్లి ఒక వాక్యం నేర్చుకుని వచ్చింది. అప్పటి నుంచి కొత్తవారు ఎవరొచ్చినా అడుగుతుంది: 'ఖారా జాస్తి, బెణ్ణె హాక్లా?' (కారం ఎక్కువ, వెన్న వేయనా?) అమ్మకు వచ్చిన మొదటి కన్నడ వాక్యం అదే. ఇప్పుడు కొందరు వెన్న వద్దంటున్నారు."

రెండోదానిలో నాణ్యత అన్న మాట లేదు, రోలు ఉంది. ఆదరణ అన్న మాట లేదు, వెన్న వద్దనేవారు ఉన్నారు. తల్లికి పట్టుదల ఎక్కువ అని ఎక్కడా చెప్పలేదు, తగ్గించలేదు అన్న ఒక్క మాటతో చదివేవారికే తెలిసింది. గొడవ ఉంది కాబట్టి తర్వాత ఏం జరిగిందన్న కుతూహలం ఉంది. ఎదురింటి ఆవిడ ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లినా, వలస వచ్చిన మనిషికి ఇరుగుపొరుగు ఎలా తోడవుతారో ఆమె వల్ల తెలుస్తుంది. మారింది ఏమిటంటే కొందరు వెన్న వద్దనే స్థాయికి వచ్చారు. అక్కడే కథ ఆగింది. ఆ తర్వాత "అందుకే అంటారు, ఓపిక ఉంటే విజయం మనదే" అని ఒక ముక్తాయింపు తగిలిస్తే అంతవరకు చదివినవారి తెలివిని కించపరిచినట్టవుతుంది.

మీ రాతను ఇదే విధంగా పరీక్షించండి. ముందుగా విశేషణాలు తీసేసి చదవండి, అర్థం చెడకపోతే అవి అక్కరలేదు. మొదటి రెండు వాక్యాలు తీసేసి చూడండి, చాలాసార్లు కథ మూడో వాక్యంలో మొదలవుతుంది. ఎవరైనా అన్న మాటను వారి యాసలోనే ఉంచండి. అనంతపురం అవ్వ "యాడికి పోతివి రా?" అంటే దాన్ని "ఎక్కడికి వెళ్లావు?" అని దిద్దితే అవ్వ కనిపించకుండా పోతుంది.

ఆరో అడుగు: నలుగురినీ కదిలించాలంటే మనిషిని ముందు, అంకెను తర్వాత ఉంచండి

నిత్యజీవితంలో కథ అవసరం అన్నింటికంటే ఎక్కువగా కనబడేది అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో. 2024 మార్చిలో బెంగళూరు నీటి కొరతతో అల్లాడినప్పుడు నగరానికి రోజుకు సుమారు 260 కోట్ల లీటర్లు అవసరం కాగా, దాదాపు 50 కోట్ల లీటర్లు తక్కువ పడుతున్నట్టు ప్రభుత్వమే చెప్పింది. కారు కడగడానికి, తోటలకు తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. ఈ అంకెలను ఉన్నవి ఉన్నట్టుగా గ్రూపులో పెడితే జనం చదివి, తలూపి, షవర్ కింద నిలబడతారు. యాభై కోట్ల లీటర్లంటే ఎంతో ఎవరి ఊహకూ అందదు.

2007లో డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ ప్రకటించిన ఒక పరిశోధన ఇక్కడ పనికివస్తుంది. ఆఫ్రికాలోని ఆకలి గురించి గణాంకాలు చదివినవారి కంటే మాలి దేశంలోని ఒక ఏడేళ్ల బాలిక గురించి చదివినవారు ఎక్కువ విరాళం ఇచ్చారు. ఆ బాలిక కథకు గణాంకాలను జతచేసి ఇస్తే విరాళాలు మళ్లీ తగ్గాయి. దీన్నిబట్టి అంకెలు వదిలేయమని నేను చెప్పను. విరాళం అడగడం వేరు, నలుగురు కలిసి ఒక నిర్ణయం తీసుకోవడం వేరు. నిర్ణయానికి అంకె కావాలి. అయితే అది మనిషి తర్వాత రావాలి, ఒక్కటే రావాలి, చదివేవారి ఊహకు అందేంత చిన్నదిగా ఉండాలి.

బెళ్లందూరులోని ఒక అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఆ రోజుల్లో రాయదగిన సందేశం ఇలా ఉండవచ్చు: "నిన్న రాత్రి రెండు గంటలకు వచ్చిన ట్యాంకరు కోసం మన వాచ్‌మన్ గారు పదకొండు నుంచి గేటు దగ్గరే కూర్చున్నారు. ట్యాంకరు వెళ్లాక ఆయన తన గదికి రెండు బిందెలే తీసుకెళ్లారు. మన కుళాయిల్లో వచ్చే కావేరి నీరు తొరెకాడనహళ్లి పంపింగ్ కేంద్రం నుంచి దాదాపు వంద కిలోమీటర్లు పంపులతో ఎక్కి వస్తుంది. ఈ వారం ప్రతి ఇంటివారూ షవర్ బదులు బకెట్టు వాడగలరా? ఒప్పుకున్నవారు ఫ్లాట్ నంబరు కింద రాయండి." ఇందులో మనిషి ఉన్నాడు, దూరం ఉంది, చేయవలసిన పని ఒక్కటే ఉంది, జవాబు చెప్పే మార్గం ఉంది. తిట్టు లేదు. ఎవరి ఫ్లాటులో కుళాయి కారుతున్నదో పేరు పెట్టి రాస్తే ఆ రోజు గ్రూపు అంతా ఆ గొడవలోనే గడిచిపోతుంది.

ఏడో అడుగు: వేదికకు తగిన ఆకారం ఇవ్వండి

వాట్సాప్ స్టేటస్, ఇన్‌స్టాగ్రామ్ స్టోరీ 24 గంటల్లో కనుమరుగవుతాయి కాబట్టి ఆ రోజు సంగతులకు సరిపోతాయి. నలుగురు భద్రపరుచుకోవాలనుకునే కథను ఫేస్‌బుక్‌లోనో, యూట్యూబ్‌లోనో ఉంచండి. రీల్‌లో మొదటి మాటే సంఘటన కావాలి, "హాయ్ ఫ్రెండ్స్, ఈరోజు మీకు ఒక విషయం చెప్పాలి" అన్న పలకరింపుకు చోటు లేదు. మెట్రోలో, ఆఫీసులో శబ్దం ఆపి చూసేవారు ఉంటారు గనుక తెర మీద మాటలను తెలుగు లిపిలో వేయండి. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే పెద్దలు చదవలేరు, కథ ఎవరిదో వారికే అది చేరదు.

ఎనిమిదో అడుగు: అనుమతి తీసుకోండి, కథను కత్తిరించకండి

మీకు జరిగిన కథలో మీరొక్కరే ఉండరు. పనమ్మాయి, ఆటో డ్రైవరు, విడాకులు తీసుకుంటున్న అక్క, పరీక్ష తప్పిన తమ్ముడు, వీరందరి జీవితం అందులో ఉంది. పోస్టు చేయడానికి ముందు ఆ మనిషికి చదివి వినిపించండి. ఒప్పుకోకపోతే మానేయండి, లేదా ఊరూ ఉద్యోగమూ మార్చి గుర్తుపట్టడానికి వీల్లేకుండా రాయండి. పిల్లల విషయంలో మరింత జాగ్రత్త కావాలి: పక్క తడిపిన సంగతి నేడు ముచ్చటగా ఉండవచ్చు, పదిహేనేళ్ల వయసులో తరగతి గదిలో అదే వెక్కిరింత అవుతుంది. డబ్బు తీసుకునో, ఉచితంగా వస్తువు పుచ్చుకునో చెప్పే కథలో ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో నియమాలు తెచ్చింది. నియమం లేకపోయినా వినేవారికి ఆ మాట చెప్పడం మన బాధ్యత.

కథను సగంలో కత్తిరిస్తే ఎంత ప్రమాదమో బెంగళూరుకు బాగా తెలుసు. కరాచీలో పిల్లల భద్రత గురించి అవగాహన కోసం తీసిన ఒక వీడియోలో మోటారు సైకిలు మీద వచ్చినవారు పిల్లవాడిని ఎత్తుకుపోతారు, చివర్లో వెనక్కి తెచ్చి దింపి, పిల్లల్ని ఎత్తుకుపోవడం ఎంత సులువో చూడండి అన్న హెచ్చరిక చూపిస్తారు. ఎవరో ఆ చివరి భాగాన్ని తీసేశారు. మిగిలిన ముక్క, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న మాటలతో కలిసి, 2018లో వాట్సాప్ ద్వారా దేశమంతటా తిరిగింది. ఆ ఏడాది మే నెలలో బెంగళూరు చామరాజపేటలో, పని వెతుక్కుంటూ రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక యువకుడిని పిల్లల దొంగ అన్న అనుమానంతో జనం కొట్టి చంపారు. అదే సంవత్సరం జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్‌లకు మించి ఫార్వర్డు చేయకుండా పరిమితి పెట్టింది. అంతకు ముందు 2012 ఆగస్టులో కూడా తమ మీద దాడులు జరుగుతాయన్న పుకారు సందేశాలకు భయపడి ఈశాన్య రాష్ట్రాలవారు వేల సంఖ్యలో బెంగళూరు రైల్వే స్టేషనుకు చేరి, గువాహటి రైళ్లు ఎక్కి వెళ్లిపోయారు.

ఈ పుకార్లన్నీ కథలే, పైగా కథకు ఉండవలసిన హంగులన్నీ ఉన్న కథలు: ఆపదలో ఉన్న పిల్లవాడు, పరాయి ఊరి మనిషి, వెంటనే ఏదో చేయాలన్న తొందర. సొరుష్ వొసూఘి, దేబ్ రాయ్, సినాన్ అరల్ 2018లో ప్రకటించిన అధ్యయనం ట్విట్టర్‌లో దాదాపు 1,26,000 వార్తల ప్రయాణాన్ని పరిశీలించి, అబద్ధపు వార్తలను ఇతరులతో పంచుకునే అవకాశం నిజమైన వాటికంటే 70 శాతం ఎక్కువని తేల్చింది. దానికి తమంతట తామే పోస్టులు పంపే యాంత్రిక ఖాతాలు (బాట్‌లు) కారణం కావని, కొత్తదనం కోసం మనుషులే ఆ పని చేస్తున్నారని కూడా తేల్చింది. కథ చెప్పే నేర్పు ఉన్నవారి మీద ఈ బాధ్యత రెట్టింపు ఉంటుంది. అందుచేత ఫార్వర్డు వచ్చిన కథ మనసును కదిలించినప్పుడే మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఎప్పుడు, ఎక్కడ జరిగింది? చెబుతున్న మనిషి చూశాడా, విన్నాడా? దీనికి ముందూ వెనకా ఏముంది? మూడింటికీ జవాబు దొరకనిది మీ చేతి నుంచి ముందుకు పోకూడదు. మీరు మీ వీడియోను కుదించేటప్పుడు కూడా అర్థాన్ని తిప్పే భాగాన్ని నిడివి కోసం తీసేయకండి.

తొమ్మిదో అడుగు: ఇంట్లో కథ ఆగిపోకుండా చూడండి

బెంగళూరులో పెరుగుతున్న మన పిల్లలు బడిలో ఇంగ్లీషు, ఆటస్థలంలో కన్నడ, హిందీ మాట్లాడి, ఇంట్లో తెలుగును అన్నం తినడానికీ నీళ్లు అడగడానికీ మాత్రమే వాడుతున్నారు. పొడవైన వాక్యం, భూతకాలం, "అనుకుందట", "వెళ్లిపోయిందట" వంటి మాటలు వారికి కథలోనే దొరుకుతాయి. వారానికి రెండు రాత్రులైనా పుస్తకం లేకుండా, ఫోన్ లేకుండా కథ చెప్పండి. ఇంట్లో ముగ్గురుంటే బుర్రకథలా పంచుకోండి: ఒకరు చెబుతారు, ఒకరు హాస్యం అందుకుంటారు, పిల్లవాడు వంతగా ప్రశ్నలు వేస్తాడు. పిల్లవాడు మధ్యలో ఇంగ్లీషు మాట వాడితే ఆపి సరిదిద్దకండి, మీ తర్వాతి వాక్యంలో తెలుగు మాట వాడండి, అతనే అందుకుంటాడు. ఊ కొట్టడం కూడా నేర్పండి. వినడం వచ్చిన పిల్లలకు చెప్పడం వచ్చి తీరుతుంది.

పదో అడుగు: మీ కథలను మీ దగ్గరే భద్రపరచుకోండి

2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించినప్పుడు, పల్లెల నుంచి, చిన్న పట్టణాల నుంచి అంతవరకు వీడియోలు పెట్టిన ఎందరికో వారి వేదిక ఒక్కసారిగా చేజారింది. వేదిక మనది కాదు, కథ మాత్రమే మనది. కాబట్టి పోస్టు చేసిన ప్రతి కథ మూలప్రతిని, ముఖ్యంగా పెద్దల గొంతులను, ఒక ప్రతి ఫోన్‌లో, ఒక ప్రతి కంప్యూటర్‌లో లేదా పెన్‌డ్రైవ్‌లో, మరొకటి ఊళ్లోని తోబుట్టువుల దగ్గర ఉంచండి. ఫైలు పేరులో తేదీ, చెప్పినవారి పేరు, వారి ఊరు, విషయం ఈ వరుసలోనే రాయండి. రికార్డింగును చెప్పినవారికి ఒకసారి వినిపించి, వారు సరిదిద్దిన ఊర్ల పేర్లు, మనుషుల పేర్లు, వరసలు అదే రోజు దాని పక్కన రాసి పెట్టుకోండి.